వెయ్యి గజాల గురికి ఏ తూటా?

ప్రశ్న: నేను టెక్సస్‌లో ఆస్టిన్‌కు గంట దూరంలో ఉంటున్నాను. వయసు 41. గ్రీన్‌కార్డు వచ్చాక, మూడేళ్ల క్రితం, ఒక .22 రైఫిల్ కొనుక్కొని 100 గజాల్లో కాగితం మీద గురి నేర్చుకున్నాను. వేట మీద ఆసక్తి లేదు. మా క్లబ్బులో 600 గజాల రేంజి ఉంది. కొంచెం దూరంలో ఉన్న మరో రేంజిలో నెలకొకసారి 1000 గజాల ఎఫ్-క్లాస్ పోటీ (పడుకొని, రైఫిల్‌ను ఆనిక మీద పెట్టి దూరపు గురి కొట్టే పోటీ) జరుగుతుంది, అందులో పాల్గొనాలని కోరిక. ఏ తూటాకు సరిపోయే రైఫిల్ కొనాలో తేలడం లేదు. మిత్రుడు .308 అంటాడు. కొట్టులో .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ అన్నారు. వీడియోల్లో అందరూ 6 మిల్లీమీటర్ల రకాలు వాడుతున్నారు. రైఫిల్, స్కోపు ఖర్చు పోను తూటాలకు ఏడాదికి 1500 డాలర్లకు మించి పెట్టలేను. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇల్లు కనుక తూటాలు సొంతంగా తయారుచేసుకొనే చోటూ తీరికా లేవు. కుడి భుజం కాస్త బలహీనం. ఏది కొనమంటారు? ఇంకొక చిన్న సందేహం: సంక్రాంతికి విజయవాడ వస్తున్నాను, మా నాన్నగారికి చూపించడానికి కాల్చేసిన ఒక ఖాళీ తూటా తెచ్చుకోవచ్చా?

సమాధానం: ముందు జవాబు చెప్పి తరువాత కారణాలు రాస్తాను. 6.5 క్రీడ్‌మోర్‌కు చేసిన రైఫిల్ కొనండి. మీకు సలహా ఇచ్చినవారెవరూ తప్పు చెప్పలేదు; ఎవరికి వారు తమకు సరిపోయిన తూటా పేరు చెప్పారు. మీకు సరిపోయేదేదో తేల్చే సంగతులు మాత్రం ఉత్తరం చివర మీరు మొహమాటపడుతూ రాసిన మూడు మాటల్లోనే ఉన్నాయి: ఏడాదికి 1500 డాలర్లు, తూటాలు సొంతంగా చేసుకొనే వీలు లేకపోవడం, బలహీనమైన కుడి భుజం. దూరపు గురి నేర్చుకొనే దశలో నేను చూసే లెక్క ఒక్కటే. జేబు తడుముకోకుండా, కళ్లు మూసుకోకుండా ఏడాదికి ఎన్నిసార్లు ట్రిగ్గరు నొక్కగలరు? ఆ సంఖ్యను పెంచే తూటా మంచిది, తగ్గించేది ఎంత గొప్ప పేరున్నదైనా మీకు పనికిరాదు.

మాటల్లో తికమక లేకుండా ఒక సంగతి. తూటా అంటే మొత్తం సరుకు: ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల పేలుడు మందు, మూతిలో బిగించిన బుల్లెట్. .22, .308 వంటి అంకెలు బుల్లెట్ అడ్డుకొలతను సుమారుగా అంగుళాల్లో, 6, 6.5 వంటివి మిల్లీమీటర్లలో చెప్తాయి. ఎగిరివెళ్లేది బుల్లెట్ ఒక్కటే. దాని బరువును గ్రెయిన్లలో చెప్తారు. మన కంసాలులు తూచే గురిగింజ ఎత్తు రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ కనుక, 6.5 క్రీడ్‌మోర్‌లో ఎక్కువమంది వాడే 140 గ్రెయిన్ల బుల్లెట్ దాదాపు డెబ్బై అయిదు గురిగింజల బరువు, అంటే తొమ్మిది గ్రాములు.

కొట్టువాళ్లు, వీడియోలవాళ్లు మొదట చూపించేది బుల్లెట్ ఎంత కిందికి పడుతుందనే పట్టిక. 100 గజాల దగ్గర గురి సరిచేసిన రైఫిల్‌తో కాలిస్తే, 1000 గజాల దగ్గరకు చేరేసరికి 175 గ్రెయిన్ల .308 బుల్లెట్ సుమారు ముప్పై మూడు అడుగులు, 6.5 క్రీడ్‌మోర్ 140 గ్రెయిన్ల బుల్లెట్ సుమారు పాతిక అడుగులు కిందికి దిగుతాయి. ఈ తేడా చూసి బెదరనవసరం లేదు. మీరు కొట్టబోయే కాగితం ఎంత దూరంలో ఉందో ముందే తెలుసు. స్కోపు మీటను అన్ని క్లిక్కులు తిప్పితే ఆ సంగతి అక్కడితో తీరిపోతుంది. క్లిక్కులతో తీరనిది గాలి. అది ఒక్కో తూటాకూ మారుతుంది, రేంజి మొదట్లో ఒకలాగా చివర ఇంకొకలాగా వీస్తుంది, దారి పొడవునా దాని వేగాన్ని అంచనా వేయడం తప్ప కొలిచే మార్గం లేదు. అందువల్ల తూటాలను పోల్చేటప్పుడు కింద పడే లెక్క పక్కన పెట్టి పక్కగాలి లెక్క చూడండి.

ఆ లెక్క వేలి మీద వేసుకోవచ్చు. 175 గ్రెయిన్ల .308 బుల్లెట్ గొట్టం మూతిలోంచి సెకనుకు 2600 అడుగుల వేగంతో బయలుదేరుతుందనుకోండి. గాలి ఆపకపోతే 3000 అడుగులు, అంటే 1000 గజాలు, దాటడానికి దానికి 1.15 సెకన్లు చాలు. నిజానికి పట్టేది సుమారు 1.7 సెకన్లు. అడ్డుకున్న గాలి వల్ల జరిగిన ఆలస్యం 0.55 సెకన్లు. పక్కనుంచి వీచే గాలి బుల్లెట్‌ను ఎంత నెడుతుందో ఆ ఆలస్యమే చెప్తుంది: గంటకు 10 మైళ్ల గాలి అంటే సెకనుకు 14.7 అడుగులు, దాన్ని 0.55తో హెచ్చవేస్తే ఎనిమిది అడుగులు. అదే లెక్క 6.5 క్రీడ్‌మోర్‌కు వేయండి. బయలుదేరే వేగం 2710 అడుగులు, ఆలస్యం సుమారు 0.4 సెకను, మళ్లింపు ఆరడుగుల లోపు. బుల్లెట్ సన్నగా, పొడవుగా, గాలిని సులువుగా చీల్చుకొనేలా ఉండటంవల్ల వచ్చిన లాభం ఇది. వేగం పెద్దగా పెరగలేదని గమనించండి.

ఇది కాగితం మీద ఎలా కనిపిస్తుందో చూద్దాం. 1000 గజాల ఎఫ్-క్లాస్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం అడ్డుకొలత 10 అంగుళాలు, తొమ్మిది 20, ఎనిమిది 30, ఏడు 44 అంగుళాలు. పోటీలో మీరు గాలిని గంటకు రెండు మైళ్లు తప్పుగా అంచనా వేశారనుకుందాం. కొత్తవారికి అది చాలా చిన్న పొరపాటు. .308 గురి మధ్యనుంచి దాదాపు 19 అంగుళాలు పక్కకు పోయి ఏడులో పడుతుంది. 6.5 క్రీడ్‌మోర్ సుమారు 14 అంగుళాలు పోయి ఎనిమిదిలో నిలుస్తుంది. తూటా మిమ్మల్ని పదిలోకి చేర్చలేదు, చేర్చదు కూడా. అదే తప్పుకు శిక్ష కొంచెం తగ్గిస్తుంది. ఇరవై తూటాల వరుసలో ఆ కొంచెం కొంచెమే చివరికి లెక్కకు వస్తుంది.

కొట్టులో చెప్పిన .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ సంగతి విడిగా రాయాలి, ఎందుకంటే నేను మొదట మోసపోయింది దాని దగ్గరే. 1963లో వచ్చిన ఈ తూటా తప్పుడు తూటా కాదు. బరువైన బుల్లెట్లను సొంతంగా బిగించుకొనేవారి చేతిలో 1000 గజాలు దాటి కూడా చక్కగా పనిచేస్తుంది. అయితే కొట్టులో పెట్టెల్లో దొరికే 190 గ్రెయిన్ల మ్యాచ్ తూటాను, అంటే పోటీకి తగ్గ నాణ్యతతో చేసినదాన్ని, తీసుకొని పై లెక్క వేస్తే, పక్కగాలికి మళ్లింపు 6.5 క్రీడ్‌మోర్‌కు కాస్త అటూ ఇటూగా వస్తుంది. దాదాపు అదే ఫలితం కోసం మీరు డెబ్బై గ్రెయిన్ల పైచిలుకు మందు కాలుస్తారు, 6.5 క్రీడ్‌మోర్‌లో నలభై రెండు గ్రెయిన్ల దగ్గర సరిపోతున్నది. కాల్చినప్పుడు రైఫిల్ భుజాన్ని వెనక్కి తన్నే తన్ను ఒకే బరువున్న రైఫిళ్లలో రెట్టింపు పైనే ఉంటుంది. తన్ను తగ్గించడానికి గొట్టం మూతికి బిగించే మజిల్ బ్రేకును చాలామంది విరుగుడుగా చెప్తారు గాని, ఎఫ్-క్లాస్‌లో దానికి అనుమతి లేదు. అంటే మీ కుడి భుజానికి ఏ అడ్డూ ఉండదు.

నా అనుభవం చెప్తాను. కొత్తలో ఆ మ్యాగ్నమ్ రైఫిల్ కొన్నాను. కొట్టులో ఆయన, పెద్దది కొంటే మళ్లీ మార్చుకోనక్కరలేదని చెప్తే అది పొదుపు మాటే అనిపించింది. మూడు నెలల తరువాత నా టార్గెట్లలో రంధ్రాలు కింద కుడివైపుకు జారుతుంటే స్కోపు వదులైందనుకొని రెండుసార్లు విప్పి బిగించాను. ఒకనాడు రేంజిలో ఒక పెద్దాయన రైఫిల్ తన చేతిలోకి తీసుకొని, నాకు కనబడకుండా ఛాంబర్, అంటే తూటా కూర్చొనే గది, ఖాళీగానే ఉంచి బోల్టు మూసి తిరిగి ఇచ్చారు. నేను ఊపిరి బిగపట్టి ట్రిగ్గరు నొక్కాను. 'టక్' మంది. పేలుడు లేదు. గొట్టం మూతి మాత్రం కిందికి కుంగింది, నా రెండు కళ్లూ మూతపడి ఉన్నాయి. స్కోపు వదులు కాలేదు, నేను బెదరడం నేర్చుకున్నాను. ఆ అలవాటు వదిలించుకోవడానికి ఏడాదిపాటు .22 కాల్చవలసివచ్చింది. మీ భుజం సంగతి చదవగానే నాకు మొదట గుర్తుకువచ్చింది ఆ 'టక్' చప్పుడే.

వీడియోల్లో చూసిన 6 మిల్లీమీటర్ల రకాలు, అంటే 6 క్రీడ్‌మోర్, డాషర్, 6 బీఆర్ వంటివి, వేరే ఆటలో రాజులు. 2012లో మొదలైన ప్రెసిషన్ రైఫిల్ సిరీస్ పోటీల్లో గోడల మీద, పీపాల మీద రైఫిల్ ఆనించి, గడియారంతో పోటీపడుతూ ఉక్కు పలకలు కొట్టాలి. తన్ను తక్కువగా ఉంటే తన బుల్లెట్ ఎక్కడ తగిలిందో కాల్చినవారికే స్కోపులో కనబడుతుంది, వెంటనే దిద్దుకోవచ్చు. అక్కడ ఆ సుఖానికి విలువ ఉంది. మీరు వెళ్లబోయే పోటీలో నేలమీద పడుకొని నింపాదిగా కాలుస్తారు, ప్రతి తూటా ఎక్కడ తగిలిందో టార్గెట్ దగ్గరివారు గుర్తు పెట్టి చూపిస్తారు. పైగా వాటిలో కొన్నింటికి కొట్టుల్లో తయారు తూటాలు అరుదు. 6 క్రీడ్‌మోర్‌కు దొరుకుతాయి గాని, అంత సన్నని గొట్టంలోంచి అంత మందు మండుతూ పోయేసరికి 1500 తూటాల దగ్గరే గొట్టం మొదటి భాగం అరిగిపోయి గురి చెదరడం మొదలవుతుంది. ఇక వాటి ప్రస్తావన మీకు అనవసరం.

మిత్రుడు చెప్పిన .308 విన్‌చెస్టర్‌ను ఇంత తేలిగ్గా తోసివేయలేను. 1952లో బజారుకు వచ్చి, మరి రెండేళ్లలో నాటో సైన్యాల తూటాగా మరో పేరుతో స్థిరపడిన ఈ తూటాకు గొట్టం 5000 తూటాల దాకా మన్నుతుంది. ఏ ఊరి కొట్టులోనైనా దొరుకుతుంది. ఎఫ్-క్లాస్‌లో ఎఫ్-టీఆర్ అనే విభాగం పూర్తిగా .308కి, .223 రెమింగ్‌టన్‌కి కేటాయించినది, 6.5 క్రీడ్‌మోర్‌తో వెళ్తే మిమ్మల్ని ఎఫ్-ఓపెన్‌లో చేరుస్తారు, అక్కడ బలమైన 7 మిల్లీమీటర్ల తూటాలను ఇంట్లో ఒక్కొక్కటే తూచి చేసుకొన్నవారు పక్కన పడుకొని ఉంటారు. ఎఫ్-టీఆర్‌లో గెలవాలనే పట్టుదల మీకు ఉంటే నా మాట వదిలేసి .308 కొనండి. అయితే ఆ విభాగంలో ముందుండేవారు కూడా 200 గ్రెయిన్ల పొడవాటి బుల్లెట్లను సొంతంగా బిగించుకొనేవారే. పెట్టెలోని 175 గ్రెయిన్ల తూటాతో వారి పక్కన నిలబడితే, పేరుకు సమానులు, గాలికి కాదు. మొదటి రెండేళ్లు మీ పోటీ మీ పాత స్కోరుతోనే కనుక విభాగం గురించి మథనపడవద్దని నా అభిప్రాయం.

.308 గురించి ఒక హెచ్చరిక కూడా చేయాలి, ఎందుకంటే మిత్రుడి దగ్గర ఏ పెట్టె ఉందో మీరు రాయలేదు. పోటీల్లో మనకు వంతు వచ్చినప్పుడు టార్గెట్ల కింద కందకంలో, దాన్ని పిట్స్ అంటారు, కూర్చొని కాగితాలు దించి, రంధ్రాలకు బిళ్లలు అంటించి, మళ్లీ ఎత్తాలి. తలపైనుంచి బుల్లెట్ పోయేటప్పుడు కొరడా ఛెళ్లుమన్నట్టు చప్పుడు వస్తుంది. ధ్వనికంటే వేగంగా వస్తున్న బుల్లెట్ చప్పుడది. ఒక చలికాలపు ఉదయం నేను అక్కడ కూర్చున్నప్పుడు ఒక టార్గెట్ మీదికి వచ్చే బుల్లెట్లకు ఆ ఛెళ్లు వినబడలేదు. కాగితం దించి చూస్తే కొన్ని రంధ్రాలు గుండ్రంగా లేవు, కోలగా చీలి ఉన్నాయి. ఆ కాల్చిన వ్యక్తి 168 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్ వాడుతున్నారు. 300 మీటర్ల పోటీల కోసం రూపొందించిన ఆ ప్రసిద్ధమైన బుల్లెట్ తోకభాగం 13 డిగ్రీల వాలుతో ఉంటుంది. 1000 గజాలు చేరకముందే దాని వేగం ధ్వనివేగానికి, అంటే సెకనుకు సుమారు 1125 అడుగులకు, దిగివస్తుంది, ఆ దాటుడులో అది తూలుతుంది. 9 డిగ్రీల వాలున్న 175 గ్రెయిన్ల బుల్లెట్ ఆ గండాన్ని బాగా దాటుతుంది. 600 గజాలలో 168 ఎంతో బాగా పనిచేస్తుంది కనుకనే జనం దాన్ని నమ్మి 1000కి తీసుకువెళ్తారు. 6.5 క్రీడ్‌మోర్ 140 గ్రెయిన్ల బుల్లెట్‌కు 1000 గజాల దగ్గర ఆ వేగానికి పైన ఇంకా వందల అడుగులు మిగిలే ఉంటాయి.

క్రీడ్‌మోర్ అనే పేరు చాలామందికి ఏదో కంపెనీ పేరులా వినిపిస్తుంది. అది న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లో క్రీడ్ అనే కుటుంబపు పొలంలో 1873లో తెరిచిన రైఫిల్ రేంజి పేరు. మరుసటి ఏడాది సెప్టెంబరులో అక్కడ అమెరికా, ఐర్లండ్ జట్లు 800, 900, 1000 గజాల్లో పోటీపడ్డాయి. ఐర్లండ్ వారివి మూతినుంచి మందు దట్టించే రైఫిళ్లు, అమెరికా వారివి వెనుకనుంచి తూటా పెట్టే రెమింగ్‌టన్, షార్ప్స్ రైఫిళ్లు. 934కి 931, మూడు పాయింట్ల తేడాతో అమెరికా నెగ్గింది. ఐర్లండ్ జట్టులో ఒకాయన నాలుగు పాయింట్ల దెబ్బను సరిగ్గా మధ్యలో కొట్టారు, కాకపోతే పక్కవారి టార్గెట్ మీద. నూట యాభై ఏళ్ల తరువాత కూడా ప్రతి పోటీలో ఎవరో ఒకరు ఆ పొరపాటు చేస్తూనే ఉంటారు. మీ మొదటి పోటీలో ట్రిగ్గరు నొక్కేముందు టార్గెట్ నంబరు ఒకసారి చదువుకోండి.

తూటా మాత్రం 2007 నాటిది. హార్నడీ కంపెనీలో పనిచేసిన డేవ్ ఎమరీ, పోటీల షూటరు డెనిస్ డిమిల్ కలిసి ఆలోచించినది. 6.5 మిల్లీమీటర్ల బుల్లెట్ గొప్పదనం వారు కనిపెట్టినది కాదు; స్వీడన్ సైన్యం 1890ల నుంచే 6.5×55 వాడింది, 1997లో .260 రెమింగ్‌టన్ కూడా వచ్చింది. ఆ .260 కేసు 2.035 అంగుళాల పొడవు. పొడవైన బుల్లెట్‌ను బిగిస్తే తూటా మ్యాగజీనులో, అంటే రైఫిల్‌లో తూటాలు పేర్చే పెట్టెలో, పట్టదు, పట్టేలా చేయాలంటే బుల్లెట్‌ను కేసులోకి లోతుగా దించాలి, అప్పుడు మందుకు చోటు తగ్గుతుంది. క్రీడ్‌మోర్ కేసును 1.92 అంగుళాలకే ఆపారు. అంగుళంలో ఎనిమిదో వంతు కూడా లేని ఆ కోతతో పొడవైన బుల్లెట్ పూర్తిగా బయట నిలిచి మ్యాగజీనులో ఇమిడింది. మీవంటివారికి అంతకన్నా ముఖ్యమైన సంగతి, మొదటి రోజునుంచే పోటీకి తగ్గ నాణ్యతతో తయారు తూటాలు పెట్టెల్లో అమ్మాలన్నది వారి ఉద్దేశం. తూటాలు చేసుకొనే తీరిక లేనివారిని దృష్టిలో పెట్టుకొన్న తూటా ఇది. అందువల్లనే ఈ రోజు నాలుగైదు కంపెనీల మ్యాచ్ తూటాలు సులువుగా దొరుకుతున్నాయి.

ఇప్పుడు 1500 డాలర్ల లెక్క. మంచి మ్యాచ్ తూటా, 6.5 క్రీడ్‌మోర్ అయినా .308 అయినా, ఒక్కొక్కటి రెండు డాలర్ల చుట్టూ ఉంటుంది; .300 మ్యాగ్నమ్ మూడు డాలర్ల పైమాటే. అంటే మీకు ఏడాదికి 750 తూటాలు, మ్యాగ్నమ్ అయితే 500 లోపు. ఒక పోటీ అంటే సాధారణంగా ఇరవై తూటాల వరుసలు మూడు, మొదట గురి సరిచూసుకొనే తూటాలు కలిపితే 65కి పైన. నెలనెలా పోటీకి వెళ్తే మీ 750 పోటీలకే చాలవు, సాధనకు ఒక్కటీ మిగలదు. కాబట్టి పన్నెండు పోటీలకూ వెళ్లాలని పెట్టుకోకండి. ఎనిమిదింటికి వెళ్లి, మిగిలిన రెండువందల చిల్లర తూటాలను క్లబ్బులో 600 గజాల మీద, నోటుపుస్తకం పక్కన పెట్టుకొని, ప్రతి తూటాకూ గాలి అంచనా ముందే రాసి తరువాత కాల్చండి. ఈ లెక్కన 6.5 క్రీడ్‌మోర్ గొట్టం మూడేళ్లు నిక్షేపంగా పనిచేస్తుంది. 2000 నుంచి 2500 తూటాల మధ్య స్కోరు తగ్గుతున్నట్టు అనిపిస్తే కొత్త గొట్టం వేయించుకోవాలి. పనివాడి కూలితో కలిపి అది వందల డాలర్ల ఖర్చు, ఇప్పటినుంచే నెలకింత పక్కన పెట్టుకోండి.

మీ .22ను అమ్మవద్దు. కోణంలో చూస్తే, 200 నుంచి 250 గజాల దగ్గర .22 బుల్లెట్‌ను పక్కగాలి ఎంత మళ్లిస్తుందో, 1000 గజాల దగ్గర 6.5 క్రీడ్‌మోర్‌నూ సుమారుగా అంతే మళ్లిస్తుంది. పది, పదిహేను సెంట్ల తూటాతో అదే పాఠం. రేంజిలో నేల వేడెక్కాక స్కోపులో ఎండమావులు కనిపిస్తాయి. అవి నిలువుగా ఉడుకుతున్నట్టుంటే గాలి లేనట్టు, ఏటవాలుగా వంగితే మెల్లని గాలి, కాలువ నీళ్లలా అడ్డంగా పరుగెత్తితే గట్టి గాలి. జెండాలు చెప్పేదానికంటే అవి ముందుగా చెప్తాయి. దీన్ని చదివి నేర్చుకోలేరు, .22తో టెక్సస్ ఎండలో నాలుగు శనివారాలు కూర్చుంటే వస్తుంది.

కొనేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. గొట్టం 24 లేదా 26 అంగుళాలది తీసుకోండి. పెట్టె మీద రాసే 2710 అడుగుల వేగం 24 అంగుళాల గొట్టంలో కొలిచినది, 18 అంగుళాల గొట్టంలో అది రాదు. లోపలి గాడుల మెలిక ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టు ఉండాలి, ఈ తూటాకు చేసే రైఫిళ్లన్నిటిలో దాదాపు అదే ఉంటుంది. బరువు ఎక్కువైతే ఫిర్యాదు చేయకండి, తన్ను తగ్గించేది అదే. తూటాలు కొనేటప్పుడు వేర్వేరు కంపెనీల పెట్టెలు రెండేసి తెచ్చి, మీ గొట్టానికి ఏది నప్పుతుందో చూసి, నప్పినదాన్ని ఒకే లాట్ నంబరుతో, అంటే ఒకే విడతలో తయారైనవి, పది పెట్టెలు కొనండి. తూటాకూ తూటాకూ వేగంలో సెకనుకు 20 అడుగుల తేడా వస్తే 1000 గజాల దగ్గర ఎత్తులో అయిదు అంగుళాల తేడా వస్తుంది. పది పాయింట్ల వలయం మొత్తం పది అంగుళాలేనని మరచిపోవద్దు. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ కొనకండి, క్లబ్బులో ఎవరి దగ్గరైనా అరువు దొరుకుతుంది. ఎండలో పెట్టెలు తెరిచి ఉంచవద్దు, వేడెక్కిన ఛాంబర్‌లో తూటా పెట్టి గాలి కోసం నిమిషాలు ఎదురుచూడవద్దు. మందు వేడెక్కితే వేగం పెరుగుతుంది, దెబ్బ పైకి పోతుంది. పిల్లలున్న ఇల్లని రాశారు. రైఫిల్ ఒక తాళంలో, తూటాలు వేరే తాళంలో ఉండాలని మీకు ఇదివరకే తెలిసే ఉంటుంది.

మీతో పాటు రేంజికి రావాలని ఉబలాటపడే మిత్రుల్లో హెచ్-1బీ వీసా మీద ఉన్నవారుంటే ముందే ఆపండి. తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకి గాని తూటా గాని దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్న మీకు ఆ అడ్డంకి లేదు, వారికి ఉంది. వారి వీసా మీద మచ్చ పడేటంత సరదా ఏ రేంజిలోనూ లేదు.

సంక్రాంతి సంగతి. ఖాళీ తూటా తేవద్దు. కాల్చేసిన ఇత్తడి డొల్లే కదా అని మీకు అనిపిస్తుంది. ఎక్స్-రే తెర ముందు కూర్చున్నవారికి అది తూటా ఆకారం, అంతే. పెట్టె తెరిపిస్తారు, వివరణ అడుగుతారు, పండుగ ప్రయాణంలో గంటలు పోతాయి. పేలనిది ఒక్కటి దొరికినా 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు నమోదవుతుంది. అది దగ్గరున్నట్టు తెలియదని తరువాత కోర్టులో చెప్పుకోవచ్చు గాని, ఈలోగా విమానం వెళ్లిపోతుంది. కనుక రేంజికి తీసుకువెళ్లే సంచిని ఆ ప్రయాణానికి వాడనే వద్దు, దాని పక్క జేబుల్లో, అడుగు కుట్టు మడతలో .22 తూటా ఒకటి ఎప్పుడూ దాక్కొని ఉంటుంది. ఆ రోజు వేసుకొనే జాకెట్టు జేబులు కూడా బయటికి తిరగేసి చూడండి. నాన్నగారికి మీరు బాగా కొట్టిన టార్గెట్ కాగితం ఒకటి మడిచి తీసుకువెళ్లండి, వెనుక తేదీ, దూరం, గాలి రాసి.